అరవై శాతం సరే, దేని మీద? సున్తీ గురించి వైద్యం వేసిన లెక్కలు

"సున్తీ చేయించుకుంటే ఎయిడ్స్ రాదటండీ, నిజమేనా?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆరోగ్యం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. దాని వెనకాలే ఇంకొకటి: "మా గుంటడికి చర్మం వెనక్కి రావట్లేదు, ఆపరేషన్ చేయించేయమంటారా?" ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, "పెళ్ళి దగ్గరకొచ్చింది డాక్టరుగారూ..." అని మూడోది. అడుగుతున్నది ఒకే చిన్న ఆపరేషన్ గురించి. కానీ ఈ మూడింటికీ జవాబులు వేరు వేరు. ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్ళు మాత్రం అన్నిటికీ ఒకటే జవాబు చెప్తారు. కొందరికి అది సర్వరోగ నివారిణి, కొందరికి అది పిల్లల మీద ఘోరం.

అంగం కొనను కప్పి ఉంచే ముందు చర్మాన్ని తీసేయడమే సున్తీ. ప్రపంచంలో మగవాళ్ళలో మూడో వంతుకి పైగా చేయించుకున్నవాళ్ళేనని అంచనా. అందులో ఎక్కువ మందికి అది మతాచారం. ఆచారం సంగతి తర్వాత చూద్దాం. "ఆరోగ్యానికి మంచిది" అన్న మాటని ముందు తూచి చూద్దాం.

ఎయిడ్స్ మాట ఎక్కడి నుంచి వచ్చింది

ఇది పుకారేమీ కాదు. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫార్మ్‌లో, కెన్యాలోని కిసుములో, ఉగాండాలోని రకాయిలో మూడు పెద్ద పరిశోధనలు జరిగాయి. మొదటిదాని ఫలితం 2005లో, మిగతా రెండింటివి 2007లో అచ్చయ్యాయి. మూడింట్లో కలిపి దాదాపు 11,000 మంది మగవాళ్ళు. సున్తీకి ఒప్పుకున్నవాళ్ళనే తీసుకుని, లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్, రెండో గుంపుకి తర్వాత చేస్తామని మాట. ఆరెంజ్ ఫార్మ్‌లో సున్తీ గుంపులో 20 మందికి, ఆగిన గుంపులో 49 మందికి కొత్తగా హెచ్‌ఐవీ సోకింది. కిసుములో ఆ అంకెలు 22, 47. రకాయిలో 22, 45. తేడా అంత స్పష్టంగా కనబడేసరికి మూడింటినీ అనుకున్న గడువుకి ముందే ఆపేసి, ఆగిన గుంపుకి కూడా ఆపరేషన్ చేయించుకోమని చెప్పారు. స్త్రీ నుంచి పురుషుడికి సోకే అవకాశం 50 నుంచి 60 శాతం తగ్గుతుందన్న మాట అక్కడ పుట్టింది.

కారణం కూడా అర్థమయ్యేదే. ముందు చర్మం లోపలి వైపు మెత్తగా, పల్చగా ఉంటుంది. హెచ్‌ఐవీ పట్టుకునే రకం కణాలు అక్కడ పైపైనే ఉంటాయి. కలయికలో ఆ చర్మానికి కంటికి కనబడని చీలికలు కూడా వస్తాయి. ఆ చర్మమే లేకపోతే వైరస్‌కి దారి ఇరుకవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాలకి దీన్ని సిఫారసు చేసింది. ఆ తర్వాత పన్నెండేళ్ళలోనే అక్కడ 2 కోట్ల 50 లక్షల మందికి పైగా మగవాళ్ళు చేయించుకున్నారు.

ఇక్కడే మనం ఆగి ఒక ప్రశ్న వేయాలి. ఆషాఢం సేల్‌లో 60 శాతం తగ్గింపు అని బోర్డు కనబడితే, అసలు ధర ఎంతో చూడకుండా ఎవరూ చీర కొనరు. రోగాల దగ్గర మాత్రం శాతం వినగానే సంబరపడిపోతాం. కిసుములో రెండేళ్ళ లెక్క చూస్తే, సున్తీ చేయించుకోని 100 మందిలో నలుగురికి కాస్త ఎక్కువగా హెచ్‌ఐవీ సోకింది, చేయించుకున్న 100 మందిలో ఇద్దరికి. అంటే దాదాపు 48 మందికి ఆపరేషన్ చేస్తే రెండేళ్ళలో ఒకరు తప్పించుకున్నారు. ఆ ఊరికి అది గొప్ప లాభం, ఎందుకంటే అక్కడ పెద్దవాళ్ళలో 10 మందిలో ఒకరికి మించి హెచ్‌ఐవీతో ఉన్నారు.

మన దగ్గర? దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 1000 మందికి ఇద్దరు హెచ్‌ఐవీతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1000కి ఆరేడుగురు. దేశ సగటుకి మూడింతలు కాబట్టి తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. కానీ కిసుముతో పోల్చే సంగతి అంతకన్నా కాదు. మన జిల్లాల్లో ఒక్క హెచ్‌ఐవీ కేసు ఆపడానికి వేల మందికి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. భారత ప్రభుత్వం ఎయిడ్స్ నియంత్రణలో సున్తీని పెట్టుకోకపోవడానికి ఈ లెక్క చాలు, మతం గొడవ దాకా వెళ్ళక్కర్లేదు.

పైగా ఆ రక్షణ మగవాడికి మాత్రమే, అదీ సగం. ఉగాండాలోనే హెచ్‌ఐవీ ఉన్న మగవాళ్ళకి సున్తీ చేసి, వాళ్ళ భార్యలకి సోకడం తగ్గుతుందేమోనని చూశారు. తగ్గలేదు. పుండు మానకముందే కలిసినవాళ్ళ ఇళ్ళల్లో ప్రమాదం ఇంకాస్త ఎక్కువే ఉన్నట్టు కనబడింది. సిక్కోలు తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకి వెళ్ళేవాళ్ళు, హైదరాబాద్, చెన్నై భవన నిర్మాణ పనులకి వెళ్ళేవాళ్ళు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు. వాళ్ళకి పనికొచ్చేది కండోమ్, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత పరీక్ష, వ్యాధి ఉంటే రోజూ మాత్ర. మందులు సక్రమంగా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గినవాళ్ళ నుంచి కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు. ఆ స్థాయి రక్షణ ఏ కత్తీ ఇవ్వలేదు.

చంటిపిల్లాడి చర్మం వెనక్కి రాకపోవడమే సహజం

ఈ మొత్తం వ్యవహారంలో మన ఇళ్ళల్లో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. నిజానికి టెన్షన్ పడాల్సిన అవసరం అన్నిటికన్నా తక్కువ ఉన్నదీ ఇదే.

పుట్టినప్పుడు ముందు చర్మం లోపలి పొర, అంగం కొన ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అది జబ్బు కాదు, శరీరం తయారయ్యే పద్ధతే అంత. 1949లో డగ్లస్ గైర్డ్‌నర్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు అప్పుడే పుట్టిన పిల్లల్ని పరీక్షించి చూస్తే, 100 మందిలో నలుగురికే చర్మం పూర్తిగా వెనక్కి వచ్చింది. 1968లో ఓస్టర్ అనే డాక్టరు డెన్మార్క్ బడిపిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి ఇంకా వివరంగా చెప్పాడు. ఆరేడేళ్ళ పిల్లల్లో సగానికి పైగా మందికి చర్మం ఇంకా ఎంతో కొంత అతుక్కునే ఉంది. నిజంగా బిగుతుగా ఉన్నవాళ్ళు 100కి 8 మంది. అదే 16, 17 ఏళ్ళు వచ్చేసరికి ఆ 8 కాస్తా ఒకటికి దిగింది. వాళ్ళకి ఎవరూ ఏ ఆపరేషనూ చేయలేదు. వయసే చేసింది.

గైర్డ్‌నర్ వ్యాసానికి ఇంకో ఫలితం కూడా ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో సున్తీ వల్ల, ముఖ్యంగా మత్తు ఇవ్వడం వల్ల, ఏటా దాదాపు 16 మంది పసిపిల్లలు చనిపోతున్నారని అతను చూపించాడు. అవసరం లేని ఆపరేషన్‌కి ఒక్క ప్రాణమైనా ఎక్కువే కదా. బ్రిటన్‌లో మామూలు పిల్లలకి ఈ ఆపరేషన్ చేసే అలవాటు ఆ తర్వాత బాగా తగ్గిపోయింది.

ఇక మన దగ్గర. చంటివాడిని కాళ్ళ మీద బోర్లా, వెల్లకిలా వేసుకుని నీళ్ళు పోసే మామ్మలు ముక్కు సాగదీస్తారు, తల గుండ్రంగా ఒత్తుతారు. పనిలో పనిగా ఆముదమో కొబ్బరినూనో రాసి అంగం మీది చర్మాన్ని రోజూ కొంచెం కొంచెం వెనక్కి లాగుతారు. "ఇప్పుడు లాగకపోతే పెద్దయ్యాక ఇబ్బంది పడతాడు" అని వాళ్ళ నమ్మకం. ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. కానీ అతుక్కున్న చర్మాన్ని బలవంతంగా లాగితే లోపల చిరుగుతుంది, చిరిగిన చోట మచ్చ కడుతుంది, ఆ మచ్చ బిగుసుకుని ఏ సమస్య రాకూడదని లాగామో అదే వస్తుంది. మామ్మగారికి ఈ మాట చెప్పడం కోడలి వల్ల కాదు, నాకు తెలుసు. టీకాకి వెళ్ళినప్పుడు ఏఎన్ఎం చేతో, పిల్లల డాక్టరు చేతో ఆవిడ ముందే చెప్పించండి. పైపైన నీళ్ళతో కడిగితే చాలు. చర్మం దానంతటది జరగడం మొదలయ్యాక, స్నానం చేసేటప్పుడు నెమ్మదిగా వెనక్కి జరిపి కడుక్కుని మళ్ళీ ముందుకు తెచ్చుకోవడం పిల్లాడికే నేర్పాలి.

ఉచ్చ పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బుతుందని చాలామంది తల్లులు పరుగెత్తుకొస్తారు. ధార బాగా వస్తూ, నొప్పి లేకుండా ఉంటే అది కూడా ఆ వయసు లక్షణమే, కిడ్నీ మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. చర్మం కింద తెల్లటి పూసల్లా కనబడేవి చీము కాదు, లోపలి పొర రాలిన మడ్డి. అది తనంతట తానే బయటికొచ్చేస్తుంది.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? చర్మం కొన తెల్లబారి, గట్టిగా, మచ్చకట్టిన ఉంగరంలా ఉంటే వెళ్ళాలి. ఇంతకు ముందు బాగా వెనక్కి వచ్చేది ఇప్పుడు రాకపోతే, మూత్రం పోసేటప్పుడు పిల్లాడు ఏడుస్తుంటే, కొన ఎర్రగా వాచి చీము మళ్ళీ మళ్ళీ వస్తుంటే వెళ్ళాలి. తెల్లటి మచ్చకట్టే జబ్బు ఒకటుంది, లైకెన్ స్క్లెరోసస్ అంటారు. దానికి సున్తీయే మంచి వైద్యం, వాయిదా వేస్తే మూత్రం వచ్చే రంధ్రం కూడా మూసుకుపోతూ వస్తుంది. అయితే ఇది అరుదు, వందమంది పిల్లల్లో ఒకరికి కూడా రాదు. మామూలు బిగుతు ఇబ్బంది పెడుతున్నప్పుడు ముందుగా చేయాల్సింది బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ పూత. డాక్టరు చూపించినట్టు నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాస్తే పదిమందిలో ఏడెనిమిది మందికి చర్మం వదులవుతుంది. "ముందు క్రీముతో చూద్దామా?" అని అడిగే హక్కు మీకుంది. ఆ మాట ఎత్తకుండా నేరుగా ఆపరేషన్ తేదీ ఇస్తే ఇంకో డాక్టరుని కూడా అడగండి. అలాగని మందుల షాపులో నాలుగు మందులు కలిపిన ట్యూబు మీరే కొని నెలల తరబడి రాయకండి, పసి చర్మం పల్చబడిపోతుంది.

మూత్రం ఇన్ఫెక్షన్లు: 111 మందిలో ఒకరు

సున్తీ అయిన మగపిల్లల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు బాగా తక్కువ. ఇందులో వాదన లేదు. పదింట తొమ్మిది వంతుల దాకా తగ్గుతాయి. మళ్ళీ అదే ప్రశ్న: ఎంతలోంచి? ఆరోగ్యంగా ఉన్న మగపిల్లల్లో వందకి ఒకరికే ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది. 2005లో పాత పరిశోధనలన్నీ కలిపి వేసిన లెక్క ప్రకారం, ఒక్క ఇన్ఫెక్షన్ ఆపాలంటే 111 మంది పిల్లలకి సున్తీ చేయాలి. ఆపరేషన్‌లో వందకి ఇద్దరికి ఏదో ఒక ఇబ్బంది వస్తుందనుకున్నా, యాంటీబయాటిక్‌తో తగ్గిపోయే ఒక ఇన్ఫెక్షన్ తప్పించడానికి ఇద్దరు పిల్లల్ని ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

అదే లెక్క ఇంకో రకం పిల్లల దగ్గర తిరగబడుతుంది. ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వచ్చే పిల్లల్లో 11 మందికి చేస్తే ఒకటి ఆగుతుంది. మూత్రం సంచిలోంచి కిడ్నీల వైపు వెనక్కి ఎగదన్నే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళలో నలుగురికి చేస్తే చాలు. పుట్టుకతో మూత్రదారిలో కవాటాలు అడ్డుపడే పిల్లలకి కూడా లాభం ఎక్కువ. గర్భిణిగా ఉన్నప్పుడే స్కానింగ్‌లో "బిడ్డ కిడ్నీ వాచినట్టుంది" అని రాసిన రిపోర్టు ఉంటే, పుట్టాక దాన్ని బీరువాలో పెట్టేయకుండా పిల్లల సర్జన్‌కి చూపించాలి. అలాంటి బిడ్డకి సున్తీ నిజంగా కిడ్నీని కాపాడే పని అవుతుంది.

కిడ్నీ మాట వచ్చింది కాబట్టి ఉద్దానం గురించి ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు మూత్రం రంగు కాస్త మారినా గుండె దడదడలాడుతుంది, తప్పు లేదు. ఆ కిడ్నీ జబ్బుకి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు గానీ, అది ముఖ్యంగా పెద్దవాళ్ళకి వచ్చేది, పిల్లాడి ముందు చర్మానికీ దానికీ సంబంధం లేదు. ఆ భయంతో సున్తీ చేయించక్కర్లేదు. వేరే కారణంతో ఏ ఆపరేషన్ చేయించుకున్నా మాత్రం, ఉద్దానం మనుషులు "మాకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఇంత ఉంది" అని ముందే చెప్పాలి. ఆపరేషన్ తర్వాత మామూలుగా రాసిచ్చే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీకి మంచివి కావు.

క్యాన్సర్ భయం

అంగానికి క్యాన్సర్ రావడం చాలా అరుదు. చిన్నప్పుడే సున్తీ అయినవాళ్ళలో అది ఇంకా అరుదు, ఇదీ నిజమే. కానీ లోతుగా చూస్తే దోషి చర్మం ఉండటం కాదు. ఏళ్ళ తరబడి వెనక్కి రాకుండా బిగుసుకుపోయి, లోపల కడగడానికి వీల్లేక వాపు అలాగే ఉండిపోవడం, కలయిక ద్వారా అంటుకునే హెచ్‌పీవీ వైరస్, పొగాకు, ఇవి అసలు కారణాలు. చర్మం మామూలుగా వెనక్కి వచ్చి శుభ్రం చేసుకునేవాళ్ళకి ముప్పు బాగా తక్కువ. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి నోట్లో అంగిలికి క్యాన్సర్ రావడం గురించి డాక్టర్లు దశాబ్దాలుగా చెప్తున్నారు. ఇంట్లో పెద్దలు నిప్పు లోపల పెట్టుకుని చుట్ట కాలుస్తుంటే, మనవడికి ఎప్పటికో రాబోయే అరుదైన క్యాన్సర్ కోసం సున్తీ గురించి చర్చించుకోవడం నాకు కొంచెం విచిత్రంగానే ఉంటుంది.

భార్యకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తగ్గుతుందన్న వాదన కూడా ఉంది, ఎందుకంటే దానికి కారణం కూడా ఆ హెచ్‌పీవీయే. సున్తీ అయినవాళ్ళ దగ్గర హెచ్‌పీవీ మూడో వంతు దాకా తక్కువ కనబడిన మాట ఉగాండా పరిశోధనలో తేలింది, జననాంగ హెర్పిస్ కూడా నాలుగో వంతుకి పైగా తగ్గింది. సిఫిలిస్ మీద మాత్రం ఏ ప్రభావమూ లేదు. అయితే హెచ్‌పీవీ కోసమే అయితే ఆడపిల్లలకి టీకా ఉంది. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ మన దేశానిదే. టీకా ఉండగా కొడుకు చర్మం కోసి కోడలి క్యాన్సర్ ఆపుదామనుకోవడం చుట్టు తిరుగుడు దారి.

యాభై దాటినవాళ్ళు ఈ భాగం వదలొద్దు

చిన్నప్పటి నుంచీ ఏ ఇబ్బందీ లేని మనిషికి యాభై ఏళ్ళ వయసులో చర్మం బిగుసుకోవడం మొదలైతే, సర్జన్ కంటే ముందు షుగర్ పరీక్ష. మూత్రంలో చక్కెర పోతుంటే ఆ చర్మం కింద ఫంగస్ పండగ చేసుకుంటుంది. దురద, పెరుగులాంటి తెల్లటి పొర, చర్మం అంచుల్లో చీలికలు, మానడం, మళ్ళీ చీలడం, చివరికి బిగుసుకుపోవడం. షుగర్ ఉందన్న సంగతి మొదటిసారి ఇలాగే బయటపడేవాళ్ళు చాలామంది. సిగ్గుతో ఆర్‌ఎంపీ దగ్గర చాటుగా ట్యూబు తీసుకుని ఏడాది గడిపేస్తారు, ఈలోపు షుగర్ మూడువందలు దాటుతుంది.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి ఇంకో సంగతి. గుండెకీ కిడ్నీకీ మేలు చేసే మంచి మందులివి, ధర కూడా ఇప్పుడు తగ్గింది. కానీ అవి పనిచేసేదే చక్కెరని మూత్రంలోకి పంపించి. అందుకే ముందు చర్మం ఉన్న మగవాళ్ళలో ఈ ఫంగస్ ఎక్కువ కనబడుతుంది. రోజూ కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలామందికి సరిపోతుంది. మాత్ర మీరే మానేయకుండా డాక్టరుకి చెప్పండి. షుగర్ అదుపులో ఉన్నా ఇది తిరగబెడుతూనే ఉండి, చర్మం మచ్చకట్టేస్తే, అప్పుడు సున్తీ నిజంగా సుఖం ఇస్తుంది. నా లెక్కలో ఈ ఆపరేషన్ వల్ల మన జిల్లాల్లో అందరికన్నా బాగుపడేది ఈ వయసువాళ్ళే. వాళ్ళే అందరికన్నా ఆలస్యంగా వస్తారు.

వెనక్కి రాని చర్మం కింద పుండో, గడ్డో, రక్తమో, దుర్వాసనో ఉంటే మూడు నాలుగు వారాల కంటే ఆగకండి. తీసిన చర్మాన్ని బయాప్సీకి పంపించమని కూడా అడగండి.

ఇంకొకటి, ఆసుపత్రుల్లో తరచూ కనబడేది. పెద్దవాళ్ళకి మూత్రం గొట్టం వేయడానికి చర్మం వెనక్కి జరుపుతారు, వేశాక తిరిగి ముందుకు తేవడం మరిచిపోతారు. కొన్ని గంటల్లో అక్కడ రబ్బరు బ్యాండు వేసినట్టు బిగిసి కొన వాచిపోతుంది. ఇది అత్యవసరం, ఆలస్యమైతే రక్తం ఆడక కొన నల్లబడుతుంది. పక్కన ఉండే అటెండెంట్లు మొహమాటం లేకుండా చూసుకోవాలి.

పెళ్ళి ముందు కంగారు

బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం, ముహూర్తం పెట్టేశారు, అప్పటిదాకా ఎవరితోనూ చెప్పుకోని సంగతి ఒకటి. గట్టిపడినప్పుడు చర్మం వెనక్కి రావట్లేదు, లేదా వస్తే కింద ఉండే సన్నటి తీగలాంటి చర్మం లాగుతోంది. ఇక్కడ కూడా మొదటి మెట్టు క్రీము. కింది తీగ పొట్టిగా ఉండటమే సమస్యయితే దాన్ని మాత్రమే వదులు చేసే చిన్న ఆపరేషన్ ఉంది, మొత్తం చర్మం తీయక్కర్లేదు. బిగుతు ఉన్నచోట మాత్రం కోసి వెడల్పు చేసే పద్ధతి కూడా ఉంది. ఇవేవీ కుదరకపోతే సున్తీ. కానీ ముహూర్తానికి పదిరోజుల ముందు చేయించుకోకండి. పెద్దవాళ్ళకి పుండు పూర్తిగా మానడానికి ఆరు వారాలు పడుతుంది, ఆలోగా కలయిక కూడదు.

లేజర్ అనీ స్టాప్లర్ అనీ వచ్చే ప్రకటనలు చూసి మోసపోకండి. స్టాప్లర్ పరికరం వల్ల ఆపరేషన్ త్వరగా అయిపోతుంది, రక్తం తక్కువ పోతుంది, బదులుగా ఆ పిన్నులు రాలేదాకా కొన్ని వారాలు చిరాకు. ఏ పరికరమైనా పట్టుకున్న చేతిని బట్టే ఫలితం. "శీఘ్రస్ఖలనం పోతుంది", "మగతనం పెరుగుతుంది" అని రాసి ఉంటే మాత్రం ఆ క్లినిక్ మెట్లెక్కకండి, అలాంటి ఆధారం లేదు. సుఖం తగ్గిపోతుందన్న భయానికి కూడా గట్టి ఆధారం కనబడదు. కెన్యా, ఉగాండా పరిశోధనల్లో రెండు గుంపుల మధ్య సంతృప్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాకపోతే వాళ్ళు ఇష్టపడి వచ్చిన పెద్దవాళ్ళు. పసితనంలో అడగకుండా తీసేసినవాళ్ళకి పోల్చుకోవడానికి ముందు అనుభవమే ఉండదు కాబట్టి, ఆ ప్రశ్నకి ఈ పరిశోధనలు జవాబు చెప్పలేవు.

నష్టాల వైపు

మంచి చేతుల్లో ఇది సురక్షితమైన ఆపరేషనే. అనేక దేశాల పరిశోధనల్ని కలిపి 2010లో చూసినప్పుడు, పసికందుల్లో ఏదో ఒక చిన్న ఇబ్బంది వచ్చినవాళ్ళు మధ్యస్థంగా వందకి ఒకరిద్దరు, కాస్త పెద్ద పిల్లల్లో వందకి ఆరుగురు. ఎక్కువ భాగం రక్తం కారడం, చిన్న ఇన్ఫెక్షన్. చర్మం ఎక్కువ తీసేయడం, తక్కువ తీసి మళ్ళీ చేయాల్సి రావడం, మూత్ర రంధ్రం తర్వాత సన్నబడటం కూడా జరుగుతాయి. కొనకే దెబ్బ తగలడం చాలా అరుదు, కానీ జరిగితే జీవితకాలం మోయాల్సిందే. శిక్షణ లేనివాళ్ళు, శుభ్రం చేయని పరికరాలతో చేసినచోట ఈ అంకెలన్నీ పెరుగుతాయి.

ఇద్దరు పిల్లలకి మాత్రం ఆలోచించకుండా కత్తి పెట్టకూడదు. ఒకరు, మూత్ర రంధ్రం కొన మీద కాకుండా కిందివైపు ఉన్న పిల్లాడు. హైపోస్పేడియాస్ అంటారు దీన్ని. ఆ రంధ్రాన్ని సరైన చోటుకి తెచ్చే ఆపరేషన్‌కి ఈ ముందు చర్మమే కావాలి. ముందే సున్తీ చేసేస్తే సర్జన్ చేతిలో ముడిసరుకు లేకుండా పోతుంది. రెండోవాడు, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా ఉన్న పిల్లాడు. తల్లి వైపు మేనమామలకి గానీ, అన్నకి గానీ చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవడం ఉంటే ముందు రక్తపరీక్ష. యూదుల పాత ధర్మశాస్త్రంలోనే, ఇద్దరు అన్నలు సున్తీ వల్ల చనిపోతే మూడోవాడికి చేయవద్దని ఉంది. జబ్బుకి పేరు తెలియని కాలంలోనే అమ్మల కన్నీళ్ళు చూసి పట్టుకున్న నియమం అది.

డాక్టర్లే ఎందుకు ఒప్పుకోరు

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో, లాభాలు నష్టాలకన్నా ఎక్కువే గానీ మగపిల్లలందరికీ చేయమనేంత లాభం లేదని చెప్పింది. అంతకు రెండేళ్ళ ముందు నెదర్లాండ్స్ వైద్యుల సంఘం, వైద్య కారణం లేకుండా పిల్లలకి చేయడం పిల్లల శరీర హక్కుకి విరుద్ధమని చెప్పింది. కెనడా పిల్లల డాక్టర్లు 2015లో మామూలు పిల్లలందరికీ సిఫారసు చేయలేమన్నారు. అందరి ముందూ ఉన్నవి దాదాపు అవే పరిశోధనలు. లాభం చిన్నది, నష్టమూ చిన్నదే అయినప్పుడు త్రాసుని వంచేది ఆ దేశపు అలవాటే. అమెరికాలో ఈ అలవాటు మొదలైన తీరు చూడండి: 1870లో లూయిస్ సేయర్ అనే న్యూయార్క్ డాక్టరు ఒక పిల్లాడి కాళ్ళ పక్షవాతం సున్తీతో తగ్గిందని ప్రకటించాడు. ఆ కారణం ఎప్పుడో కొట్టుకుపోయింది, అలవాటు మిగిలింది.

నా మాట అడిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి కేవలం ఆరోగ్యం పేరు చెప్పి మన జిల్లాల్లో సున్తీ చేయించడానికి తగిన కారణం లేదు. అవసరమున్న ఆ కొద్దిమంది మాత్రం సిగ్గుపడి, భయపడి వాయిదా వేయకూడదు.

మతాచారంగా చేయించేవాళ్ళ సంగతి వేరు. గుల్షనాబాద్ అని పిలిచిన రోజుల నుంచీ శ్రీకాకుళంలో ముస్లిం కుటుంబాలున్నాయి, అక్కడి జామియా మసీదు 1641 నాటిది. విజయనగరంలో ఖాదర్ బాబా దర్గాకి హిందువులు, ముస్లింలు కలిసే వెళ్తారు. ఆ ఇళ్ళల్లో సున్తీ అనేది విశ్వాసం, దానికి క్యాన్సర్ అంకెలు, ఎయిడ్స్ అంకెలు సాక్ష్యం పలకక్కర్లేదు. వైద్యం చేయగలిగింది దాన్ని నొప్పి లేకుండా, ప్రమాదం లేకుండా జరిపించడం. అర్హత ఉన్న సర్జన్, మత్తు డాక్టరు, శుభ్రమైన పరికరాలు ఉన్నచోటే చేయించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి, కామెర్లు తగ్గని బిడ్డకి, జ్వరం ఉన్న పిల్లాడికి తేదీ వాయిదా వేయండి, దావత్ తర్వాత పెట్టుకోవచ్చు. చేయించాక మొదటి రోజు గంటకోసారి కట్టు చూడండి. కట్టు రక్తంతో తడిసిపోతున్నా, పది పన్నెండు గంటలు దాటినా మూత్రం రాకపోయినా, కొన నీలంగా నల్లగా మారుతున్నా, జ్వరం వచ్చినా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. రెండో మూడో రోజు నుంచి కొన మీద పసుపుపచ్చగా పల్చటి పొర కనబడుతుంది. అది చీము అనుకుని గీకేస్తుంటారు. అది మానుతున్న లక్షణం, వారం పదిరోజుల్లో పోతుంది. ప్లాస్టిక్ రింగు పెట్టిన పిల్లాడికి ఆ రింగు సాధారణంగా పదిరోజుల్లోపు దానంతటదే రాలిపోతుంది. దాన్ని లాగకండి. రెండు వారాలైనా రాలకపోతే, పెట్టిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి.